సురంజన్ దాస్

గ్రూప్ కెప్టెన్ సురంజన్ దాస్ (1920 - 1970 జనవరి 10) భారత వైమానిక దళానికి చెందిన టెస్ట్ పైలట్. భారతదేశంలో రూపకల్పన జరిగిన తొలి జెట్ యుద్ధవిమానం హెచ్.ఎఫ్-24 మారుత్‌ను మొట్టమొదటిసారి గాలిలోకి తీసుకువెళ్ళినవాడు ఈయనే. తొమ్మిదేళ్ళ లోపే, అదే విమానపు మరొక నమూనాను పరీక్షిస్తూ మరణించాడు.

జీవిత విశేషాలు

ఈయన తండ్రి సుధీ రంజన్ దాస్ 1956 నుండి 1959 వరకు భారత ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశాడు. సురంజన్ దాస్ వైమానిక దళంలో చేరి, ఇంగ్లండులోని ఎంపైర్ టెస్ట్ పైలట్స్ స్కూల్‌లో శిక్షణ పొందాడు. అక్కడ ఉత్తీర్ణులైన తొలితరం భారతీయులలో ఈయన ఒకడు.

టెస్ట్ పైలట్ బాధ్యత

సాధారణ పైలట్ నడిపే విమానం ఎంత వేగాన్ని తట్టుకోగలదో, ఎక్కడ అదుపు తప్పుతుందో ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ హద్దులను కనుగొనడమే టెస్ట్ పైలట్ పని. ఇందుకు సాహసం ఒక్కటే చాలదు. ప్రతిసారీ కొద్దికొద్దిగా హద్దును జరుపుతూ, గమనించిన ప్రతి లోపాన్నీ దాచకుండా ఇంజనీర్లకు చెప్పగల నిజాయితీ కూడా అవసరం. పైలట్ ఇచ్చే నివేదిక మీదనే తరువాత ఆ విమానం నడిపేవారి ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

మారుత్

జర్మన్ రూపశిల్పి కర్ట్ టాంక్ 1956లో భారతదేశానికి వచ్చి, బెంగుళూరులోని హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థలో ఈ విమానానికి రూపకల్పన చేశాడు. మొదట 1959లో ఇంజను లేని గ్లైడర్ నమూనాతో దాని లక్షణాలను పరిశీలించారు. 1961 జూన్ 17న, అప్పటికి వింగ్ కమాండర్‌గా ఉన్న దాస్, బెంగుళూరులో మారుత్‌ను తొలిసారి విజయవంతంగా నడిపాడు. 1964 సెప్టెంబరు 4న కిరణ్ శిక్షణ విమానపు తొలి ప్రయాణం కూడా ఈయన చేతుల మీదుగానే జరిగింది.

మారుత్‌ను ధ్వని వేగానికి రెట్టింపు వేగంతో పోగలిగేలా ఉద్దేశించారు. అయితే దానికి తగిన ఇంజను దొరకలేదు. అందుబాటులో ఉన్న రెండు ఆర్ఫియస్ 703 ఇంజన్ల శక్తి అందుకు చాలలేదు. ఈ లోటు తీర్చడానికి ఇంజన్లకు ఆఫ్టర్‌బర్నర్ అమర్చి మార్క్ 1ఆర్ అనే నమూనాను తయారుచేశారు.

మరణం

1970 జనవరి 10న బెంగుళూరులో ఈ నమూనా నేల విడిచిన కొద్దిసేపటికే కూలిపోయి దాస్ మరణించాడు. విమానం పైకి లేచే సమయంలో వేగం, ఎత్తు రెండూ తక్కువగా ఉంటాయి. ఏదైనా లోపం తలెత్తితే సరిదిద్దుకోవడానికి పైలట్‌కు క్షణాలు మాత్రమే మిగులుతాయి.

స్మృతి

1971 యుద్ధంలో మారుత్ విమానాలు రాజస్థాన్ సరిహద్దున పోరాటంలో పాల్గొన్నాయి. అవి వైమానిక దళం నుండి నిష్క్రమించి చాలా కాలమైంది. బెంగుళూరులో ఒక ప్రధాన రహదారికి సురంజన్ దాస్ పేరు పెట్టారు. మారుత్ ఆశించిన వేగాన్ని అందుకోలేకపోయినా, స్వదేశీ విమానాన్ని స్వదేశంలోనే పరీక్షించే సంప్రదాయానికి పునాది వేసినవారిలో ఈయన ముఖ్యుడు.