యోబు గ్రంథము

యోబు గ్రంథము బైబిలు పాత నిబంధనలోని ఒక కావ్య గ్రంథము. హీబ్రూ బైబిలులో ఇది "కెతువీం" (రచనలు) అనే విభాగానికి చెందుతుంది. ఇందులో 42 అధ్యాయాలు ఉన్నాయి. దేవుడు న్యాయవంతుడైనప్పుడు నీతిమంతునికి కష్టములు ఎందుకు కలుగుతాయి అన్న ప్రశ్న దీని ముఖ్య విషయము. గ్రంథములో రచయిత పేరు లేదు. యూదుల తల్ముదులో ఇది మోషే రచనగా చెప్పబడింది. క్రీ.పూ. 6-4 శతాబ్దముల మధ్య వ్రాయబడినదని పలువురు ఆధునిక పండితుల అభిప్రాయము.

కథా సంగ్రహము

ఊజు దేశములో యోబు అనే భక్తిపరుడు ఉండెను. అతనికి ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు, 7,000 గొర్రెలు, 3,000 ఒంటెలు, 500 జతల ఎడ్లు, 500 ఆడ గాడిదలు ఉండేవి. యోబు భక్తి లాభాపేక్షతో కూడినదని అపవాది (సాతాను) దేవుని ఎదుట ఆక్షేపించాడు. దేవుని అనుమతితో అతడు యోబును పరీక్షించగా యోబు సంపదను, సంతానమును, చివరకు ఆరోగ్యమును కూడా కోల్పోయాడు. ఈ పరీక్ష సంగతి పాఠకునికి తెలుసు కాని యోబుకు గ్రంథము చివరి వరకు తెలియదు.

మిత్రుల వాదము

ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు మిత్రులు ఓదార్చుటకు వచ్చి, ఏడు దినములు మౌనముగా కూర్చున్నారు. తరువాత వాదము ప్రారంభమైంది. పాపమునకు ఫలము కష్టము. యోబుకు కష్టము వచ్చింది. కనుక యోబు పాపము చేసి ఉండవలెను - ఇది వారి తర్కము. దేవుని న్యాయమును సమర్థించబోయి వారు నిర్దోషిపై నిందలు మోపారు. యోబు దప్పిగొన్న వారికి నీళ్ళు కూడా ఇవ్వలేదని ఎలీఫజు ఏ ఆధారము లేకుండానే ఆరోపించాడు (22వ అధ్యాయము). యోబు 31వ అధ్యాయములో ఒట్టు పెట్టుకొని తన నిర్దోషిత్వమును ప్రకటించాడు. కష్టములు మనిషిని హెచ్చరించి సరిదిద్దుటకు కూడా వస్తాయని తరువాత మాట్లాడిన ఎలీహు అనే యువకుడు వాదించాడు.

దేవుని సమాధానము

38-41 అధ్యాయములలో దేవుడు సుడిగాలిలో నుండి మాట్లాడాడు. సముద్రము, నక్షత్రములు, అడవి మృగములను గురించి వరుసగా ప్రశ్నలు వేశాడు. యోబు బాధకు కారణము మాత్రము చెప్పలేదు. సృష్టి అంతటినీ ఎరుగని మానవుడు దైవ న్యాయమును పూర్తిగా కొలవలేడని దీని భావముగా వ్యాఖ్యాతలు పలువురు వివరిస్తారు. అయితే యోబు వలె యుక్తముగా మాట్లాడలేదని దేవుడు కోపించినది మిత్రుల మీదనే. అనగా బాధలో ప్రశ్నించిన వాని కంటె, బాధితుని దోషిగా నిర్ణయించిన వారే తప్పు చేశారు. చివరకు యోబు సంపద రెండింతలైంది. మరల పదిమంది బిడ్డలు కలిగారు. ఆ తరువాత అతడు 140 సంవత్సరములు జీవించాడు.

బైబిలులో ఇతర సమాధానములు

బాధను గురించి బైబిలులో ఒకే సమాధానము లేదు. ఆజ్ఞోల్లంఘనకు శిక్షగా బాధ వస్తుందని ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయము తెలుపుతుంది. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయము బాధను తండ్రి ఇచ్చే శిక్షణతో పోల్చింది. పుట్టు గ్రుడ్డితనము అతని పాపము వలన గాని తల్లిదండ్రుల పాపము వలన గాని కలుగలేదని యోహాను సువార్త 9వ అధ్యాయములో యేసు చెప్పాడు. సిలోయము గోపురము కూలి మరణించిన 18 మంది ఇతరుల కంటె పాపులు కారని లూకా సువార్త 13వ అధ్యాయములో ఉంది.

ప్రభావము

ఈ సమస్యకు జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ 1710లో ప్రచురించిన గ్రంథము ద్వారా "థియోడిసీ" అనే పేరు స్థిరపడింది. మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ యుంగ్ యోబు కథపై 1952లో ఒక పుస్తకము ప్రచురించాడు.