జెనోవా వాగ్గేయకారుడు ఫాబ్రిజ్యో దె ఆంద్రే

ఇటలీ వాగ్గేయకారుల్లో కవిగా అత్యంత గౌరవం పొందినవాడు ఫాబ్రిజ్యో దె ఆంద్రే. 1940 ఫిబ్రవరి 18న రేవు పట్టణం జెనోవాలో, కలిగిన ఇంట్లో పుట్టాడు. న్యాయశాస్త్రంలో చేరి, పట్టా పుచ్చుకోకుండానే వదిలేశాడు. ఫ్రెంచి వాగ్గేయకారుడు జార్జ్ బ్రాసెన్స్ అంటే ఆయనకు ప్రాణం. బ్రాసెన్స్ పాటలు కొన్నిటిని ఇటాలియన్‌లోకి తెచ్చి పాడాడు కూడా.

వేశ్యలు, ఖైదీలు, తాగుబోతులు, యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకునే మామూలు సిపాయిలు ఆయన పాటల్లోకి వచ్చారు. జెనోవా పాతబస్తీ ఇరుకు సందుల్లో వాళ్ల బతుకులు ఆయనకు పరిచయం. మంచిచెడ్డల తీర్పు చెప్పకుండా వాళ్లను సాటి మనుషులుగా నిలబెట్టడమే ఆయన గొప్పతనం. 1964లో పాడిన 'మరినెల్లా పాట'ను కొన్నేళ్లకు ప్రసిద్ధ గాయని మీనా పాడింది. దాంతో ఆయన పేరు దేశమంతా తెలిసింది.

1970 నాటి 'శుభవార్త' ఆల్బమ్‌కు చర్చి ఆమోదించని సువార్తలు ఆధారం. అందులో మరియ, యోసేపు మన పక్కింటివాళ్లలా కనిపిస్తారు. విద్యార్థి ఉద్యమాలు హోరెత్తుతున్న రోజుల్లో ఈ పాత కథలేమిటని కొందరు అడిగారు. ఏసును మించిన విప్లవకారుడు లేడన్నది ఆయన నమ్మకం. మరుసటి ఏడాది అమెరికన్ కవి ఎడ్గర్ లీ మాస్టర్స్ 'స్పూన్ రివర్' కవితలను పాటలుగా మలిచాడు.

ఇంత పేరొచ్చినా ఆయనకు వేదిక అంటే బెరుకే. 1975 దాకా కచేరీ యాత్రలు చేయలేదు.

1979 ఆగస్టులో సార్డీనియా ద్వీపంలోని ఆయన పొలం నుంచి ఆయననూ, జీవన సహచరి, గాయని దోరి గెజ్జీనీ దుండగులు ఎత్తుకుపోయారు. దాదాపు నాలుగు నెలలు కొండల్లో బంధించి, డబ్బు పుచ్చుకుని విడిచిపెట్టారు. కాపలా కాసినవాళ్లను ఆయన క్షమించాడు. వెనకుండి చేయించినవాళ్లను క్షమించలేదు. 1981 ఆల్బమ్‌లో సార్డీనియా గొర్రెల కాపరులనూ అమెరికా ఆదివాసులనూ ఒకే బాధలో బంధువులుగా చూపించాడు. పగ పెంచుకోవలసిన చోట ఈ పాటలు పుట్టాయి.

1984లో సంగీతకారుడు మౌరో పగానీతో కలిసి చేసిన 'క్రేజా దె మా' ఆయన శిఖరం. పాటలన్నీ నావికుల నోళ్లలో నలిగిన జెనోవా మాండలికంలోనే ఉంటాయి. ఊద్ వంటి మధ్యధరా తీరపు వాయిద్యాలు తోడుగా పలుకుతాయి. 1996లో మరో వాగ్గేయకారుడు ఇవానో ఫొస్సాతితో కలిసి చేసిన 'అనిమె సాల్వె' చివరి ఆల్బమ్. 1999 జనవరి 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మిలాన్‌లో కన్నుమూశాడు. అంత్యక్రియలకు జెనోవాలో వేలమంది తరలివచ్చారు.

ఇటాలియన్ రాని శ్రోత 'క్రేజా దె మా'తో మొదలుపెట్టడం మంచిది. ఆ మాండలికం చాలామంది ఇటాలియన్లకూ అర్థం కాదు, అయినా ఆదరించారు.