గ్రాట్యుటీ అందిందంటే సలహాదారుల సందడి

తెనాలి, (మా విలేకరి): పదవీ విరమణ సభలో కప్పిన శాలువా మడత పెట్టకముందే ఇంటికి సలహాదారుల రాక మొదలవుతోంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, జి.పి.ఎఫ్., సెలవుల జీతం అన్నీ కలిపి ఇన్నేళ్ళ చాకిరీ తాలూకు సొమ్ము చేతికొచ్చే రోజులవి. అంత మొత్తం ఒకచోట చూడడం చాలామంది టీచర్లకు, గుమాస్తాలకు అదే మొదలు, అదే ఆఖరు.

వచ్చేవారు కొత్తవారు కారు. చదువు చెప్పిన శిష్యుడు, వియ్యంకుడి తమ్ముడు, బ్యాంకులో లేచి నమస్కారం పెట్టే కుర్రవాడు. "మీ మేలుకోరే చెబుతున్నాను మాస్టారూ" అంటారు. అందులో అబద్ధం లేకపోవచ్చు. చిక్కంతా అక్కడే వుంది.

అగ్రిగోల్డ్ వ్యవహారం చూడండి. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థలో సుమారు 32 లక్షల మంది ఆరు వేల కోట్ల రూపాయలకు పైగా కట్టారు. 2015లో కేసులు నమోదయ్యాయి. చివరకు 10 వేల లోపు కట్టినవారికి 2019లో, 20 వేల లోపు వారికి 2021లో రాష్ట్ర ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. లక్షలు కట్టినవారి గోడు వేరే చెప్పనక్కరలేదు. కట్టించిన ఏజెంట్లు మన వీధివారే, మన చుట్టాలే. వారిలో ఎందరో తమ సొమ్మూ అందులోనే పోగొట్టుకున్నారు. మనిషి మంచివాడైనంత మాత్రాన పథకం మంచిదై పోదు.

అందుచేత సలహా చెప్పే వారిని మొదట అడగవలసింది, "ఈ పని చేసినందుకు నీకు డబ్బు ఎవరిస్తారు?" అని. మొహమాటపడనక్కరలేదు. బీమా ఏజెంటుకు కంపెనీ కమీషన్ ఇస్తుంది. మ్యూచువల్ ఫండు పంపిణీదారుకూ అంతే. అది నేరం కాదు. కాని ఏది ఎక్కువ కమీషన్ ఇస్తుందో దానిపైకే మాట పోతుంది.

ఇందుకు చక్కని ఉదాహరణ పోస్టాఫీసులోనే వుంది. 60 ఏళ్ళు దాటినవారు సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకంలో 30 లక్షల వరకు దాచుకోవచ్చు. ప్రభుత్వ హామీ, మూడు నెలలకోసారి వడ్డీ. ఈ పథకంపై ఏజెంట్ల కమీషన్‌ను 2011 డిసెంబరులో ఎత్తివేశారు. ఇంటికొచ్చి దీని పేరెత్తే ఏజెంటు కనబడకపోవడంలో వింతేముంది!

కేవలం ఫీజు తీసుకుని సలహా చెప్పేవారు కూడా వున్నారు. వీరికి సెబీ 2013లో నిబంధనలు పెట్టింది. రిజిస్ట్రేషన్ నంబరు ఐ.ఎన్.ఎ. అనే అక్షరాలతో మొదలవుతుంది. ఆ నంబరు నిజమైనదో కాదో సెబీ జాబితాలో చూసుకోవచ్చు; మనుమడికి చెబితే సెల్‌ఫోనులో చూసిపెడతాడు. సలహా ఇచ్చిన క్లయింటు వద్ద వీరు కమీషన్ సరుకు అమ్మకూడదు. ఇంత లాభం ఖాయమని హామీ ఇవ్వకూడదు. ఫీజు నగదుగా పుచ్చుకోకూడదు. అయితే ఇటువంటివారు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే వున్నారు. మన పల్లెల్లో మాస్టారు ఎక్కడని వెతుకుతారు?

దొరకనప్పుడు తొందరపడకపోవడమే మేలు. సొమ్ము రెండు నెలలు బ్యాంకులోనే వుంటే కొంపలేమీ మునగవు. ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా వుంది. చెక్కు ఎప్పుడు రాసినా బ్యాంకు, పోస్టాఫీసు లేదా ఫండు పేరనే రాయాలి గాని సలహాదారు పేరన కాదు. "నెలకు రెండు రూపాయల వడ్డీ" అన్నవాణ్ణి గుమ్మంలోంచే పంపేయవచ్చు.

ఫిక్సెడ్ డిపాజిట్ అనుకుని సంతకం పెడితే ఏటేటా ప్రీమియం కట్టే బీమా పాలసీ అని తర్వాత తేలినవారు కూడా వున్నారు. నిన్నమొన్న అలా చిక్కుకున్నవారికి ఇంకా దారి వుంది. 2024 నిబంధనల ప్రకారం, పాలసీ అందిన 30 రోజుల్లోగా వద్దని రాసిస్తే స్వల్ప ఖర్చులు మినహాయించుకుని కంపెనీ సొమ్ము తిరిగి ఇవ్వాలి. అందిన తేదీని కవరు మీదే రాసి పెట్టుకుంటే లెక్కలో పేచీ వుండదు.