సముద్రం తానే మూసుకునే తలుపు

కెనడాలోని నోవా స్కోషియాలో, మైనస్ బేసిన్ ఒడ్డుకు ఆటు వేళ వెళితే సముద్రం కనిపించదు. ఎర్రటి బురద, దాని మీద ఆకాశపు మెరుపు, అంతే. ఆరు గంటలు గడిచేసరికి ఆ బురదంతా నీటి అడుగున ఉంటుంది. ప్రపంచంలోకెల్లా ఎత్తైన పోటు ఇక్కడిదే. కొన్ని చోట్ల 16 మీటర్ల దాకా లేస్తుంది. ఈ బేసిన్ భాగంగా ఉన్న ఫండీ అఖాతంలో నీరు ఒకసారి ఊగి రావడానికి పట్టే కాలమూ, చంద్రుడు రప్పించే పోటు కాలమూ దాదాపు ఒక్కటే. అదను చూసి ఊయలను తోసినట్టు, ప్రతి పోటూ ఆ ఊపును ఇంకా పెంచుతుంది.

ఇలాంటి సముద్రాన్ని పొలం అడిగారు అకేడియన్లు. ఫ్రాన్సు నుంచి వచ్చినవారి సంతతి వాళ్లు. 1680ల్లో ఈ బేసిన్ ఒడ్డునే గ్రాన్‌ప్రేలో ఊరు కట్టుకుని, మెరక మీది అడవిని నరికే బదులు ఉప్పుగడ్డి పెరిగే చిత్తడి వైపు తిరిగారు. వేళ్లతో సహా గడ్డి పెళ్లలు కోసి, పేర్చి కరకట్ట వేశారు. కట్ట అడుగున దుంగను తొలిచిన తూము, అందులో కీలు మీద వేలాడే చెక్క తలుపు. ఆటు వేళ పొలంలోని నీరు ఆ తలుపును నెట్టుకుని బయటికి పోతుంది. పోటు వేళ సముద్రమే దాన్ని నొక్కి మూసేస్తుంది. కావలి మనిషి అక్కర్లేదు. లోపలికి రాబోయే నీటి బలంతోనే దాన్ని ఆపిన ఈ ఉపాయాన్ని మించిన అందం ఆ తీరంలో మరొకటి లేదంటాను. ఈ తూమును అబ్వాతో అంటారు. తర్వాత రెండు మూడేళ్లు వానా మంచూ ఉప్పును కడిగేస్తే, ఆ ఒండ్రులో గోధుమ విరగపండేది. ఆ పొలాలు నేటికీ సాగులో ఉన్నాయి. 2012లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఆ కట్టలు వేసినవాళ్లను మాత్రం అక్కడ బతకనివ్వలేదు. అప్పటికి ఆ నేలను ఏలుతున్న బ్రిటిష్ రాజుకు షరతుల్లేని విధేయత ప్రమాణం చేయలేదన్నది వాళ్ల మీద మోపిన నేరం. 1755 సెప్టెంబరు 5న మగవాళ్లందరినీ చర్చికి పిలిపించి, భూములూ పశువులూ ఇక మీవి కావన్న ఆజ్ఞను బ్రిటిష్ పక్షపు సైనికాధికారి జాన్ విన్‌స్లో వినిపించాడు. కుటుంబాలను ఓడలెక్కించి వేరే వలసరాజ్యాలకు తరలించారు. ఇళ్లు తగలబెట్టారు. ఇప్పుడు అక్కడున్న చర్చి 1922లో వాళ్ల జ్ఞాపకార్థం కట్టినది.

1759 నవంబరు తుపానుకు కట్టలు తెగి, పొలాల్లోకి ఉప్పునీరు వచ్చేసింది. మరుసటి ఏడాది న్యూ ఇంగ్లండ్ నుంచి వచ్చి ఆ నేలను పొందిన రైతులకు ఈ కట్టల పని తెలియదు. చివరికి బందీలుగా ఉన్న అకేడియన్లనే తీసుకొచ్చి, తమవి కాకుండా పోయిన పొలాలకు వాళ్ల చేతనే గండ్లు పూడ్పించారు.