ప్లగ్గు మనమే మారిస్తే?

నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్ పోతున్నాం. దేవరకొండ దాటగానే మా పాత మారుతి 800 మూలగడం మొదలుపెట్టింది. ఉన్నవే మూడు సిలిండర్లు. అందులో ఒకటి సమ్మె చేసింది! డిక్కీలో కొత్త ప్లగ్గు ఉంది, పానా ఉంది. "మీకు చేతనవునా?" అని మా ఆవిడ అడగనే అడిగింది. ఇక ఆగుతానా? బానెట్టెత్తి, బలమంతా పెట్టి తిప్పాను. ప్లగ్గు వచ్చింది, దాంతోపాటు మరలూ వచ్చాయి!

ట్రాక్టరు వెనక తాడు కట్టించుకుని తిరిగి దేవరకొండ చేరాం. మెకానిక్కు నవ్వాడు: "సారూ, ఇంజను మీదిభాగం అల్యూమినియం. వేడిమీద పానా పెడ్తరా? సల్లగయ్యేదాంక ఆగాలె!" మిగుల్చుకుందామనుకున్న డబ్బుకు పదింతలు వదిలింది.

అయితే ప్రతిసారీ డీలరు దగ్గరికే పరుగెత్తాలా? అక్కర్లేదు. ఇంజను బాగా చల్లారనివ్వండి. ప్లగ్గు చుట్టూ దుమ్ము దులపండి. తీగలు తారుమారు కాకుండా ఒక్కొక్కటే తీయండి. కారుతో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన రకమే కొనండి. కొత్తదాన్ని ముందు వేళ్ళతోనే తిప్పండి. పానా ఆఖర్న, అదీ మితంగా.

తీసిన ప్లగ్గును పారేయకండి, చూడండి. లేత గోధుమరంగైతే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టే. నల్లటి పొడి మసి పట్టిందా, పెట్రోలు ఎక్కువవుతోందేమో. నూనె తడి ఉందా, లోపల అరుగుదల మొదలైందేమో. డీలరు బిల్లు ఈ కబురు చెప్పదు.

గ్యారంటీ తీరని కారైనా, ప్లగ్గులు చేతికందని కారైనా డీలరుకే అప్పగించండి. డీజిలు బండివారికి ఈ బెంగే లేదు. దానికి స్పార్కు ప్లగ్గే ఉండదు!

ఇప్పుడు మా కారుకు ప్లగ్గులు నేనే మారుస్తున్నాను. కాకపోతే, ముందు కాఫీ తాగి, ఇంజను చల్లారాకనే!