జవాబుకీ రివ్యూ కావాలి

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో రాసిన కోడ్‌ని ఎవరూ నేరుగా వాడకంలోకి వదలరు. ముందు ఇంకొకరు చూడాలి, తప్పు పట్టాలి, దిద్దించాలి. రాసినవాడి కంటికి తన తప్పు ఆనదని అక్కడ అందరికీ తెలుసు. అదే ఇంజినీరు రాత్రి ల్యాప్‌టాప్ మూసి సివిల్స్ పుస్తకం తెరిస్తే ఆ సంగతి మరిచిపోతాడు. ఏళ్ల తరబడి చదువుతాడు, నోట్సు రాసుకుంటాడు, జవాబులు మాత్రం ఎవరికీ చూపించడు. మంచి మెంటార్ అవసరం సరిగ్గా ఇక్కడే ఉందని నా నమ్మకం. పాఠాల కోసమైతే యూట్యూబ్ చాలు.

పరీక్ష తీరు చూడండి. మెయిన్స్‌లో మొదటి మూడు జనరల్ స్టడీస్ పేపర్లలో ఒక్కోదానికి మూడు గంటల్లో 20 ప్రశ్నలు రాయాలి. సగటున ప్రశ్నకు 9 నిమిషాలు. ఆలోచించడమూ, 150 లేదా 250 పదాల్లో చెప్పడమూ అందులోనే. 2017 సివిల్స్‌లో దేశంలోనే మొదటి ర్యాంకుకు వచ్చినవి మొత్తం 2025 మార్కులకు 1126, అంటే 55.6 శాతం. మొదటి ర్యాంకే అక్కడ ఆగిందంటే, తెలిసినదాన్ని జవాబుగా మలచడం ఎంత కష్టమో తెలుస్తుంది. 'విమర్శనాత్మకంగా పరిశీలించండి' అని అడిగితే చాలామంది ఆ అంశం మీద తెలిసిందంతా కుమ్మరిస్తారు. పేజీ నిండింది కాబట్టి బాగా రాశామనే అనుకుంటారు. మార్కులు తగ్గితే చదువు చాలలేదనుకుని మరో పుస్తకం కొంటారు. జబ్బు ఒకటి, మందు ఇంకొకటి. కాగితం చూసిన మెంటార్, చదవడం ఆపి వారానికి పది జవాబులు రాయమంటాడు. ఉద్యోగం పోను రోజుకు రెండు మూడు గంటలే మిగిలేవాళ్లకు, ఏది చదవక్కర్లేదో చెప్పేవాడే పెద్ద ఆదా. విడిగా ఒకరి దగ్గర నేర్చుకున్న సగటు విద్యార్థి మామూలు తరగతిలోని 98 శాతం మందిని మించాడని 1984లో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ రాశారు. తర్వాతి పరిశోధనల్లో అంత భారీ తేడా కనిపించలేదు గానీ, మేలు జరుగుతుందన్న మాట మాత్రం నిలబడింది.

మరి ఆ మొదటి ర్యాంకు సాధించిన దురిశెట్టి అనుదీప్ సంగతేమిటని అడగవచ్చు. మెట్‌పల్లి వాసి. హైదరాబాద్ గూగుల్‌లో పనిచేశారు, రెండో ప్రయత్నంలో ఐఆర్ఎస్‌కు ఎంపికయ్యారు, ఉద్యోగం చేస్తూనే ఐదో ప్రయత్నంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నారు. ఆంత్రోపాలజీని కోచింగ్ లేకుండా సొంతంగానే చదివారు. గట్టి అభ్యంతరమే ఇది. అయితే ఆయన కథ నాకు చెప్పేది క్లాసు లేకున్నా గడుస్తుందని. జవాబును నిక్కచ్చిగా బేరీజు వేసుకోకుండా గడుస్తుందని కాదు. ర్యాంకు వచ్చాక ఆయన పుస్తకం రాసింది కూడా వ్యాసం, జవాబు ఎలా రాయాలన్నదాని మీదే. తన రాతను తానే పరాయివాడిలా చదువుకోగలవాళ్లు ఉంటారు, తక్కువమంది. మిగతావాళ్లకు ఇంకో జత కళ్లు కావాలి.

మెంటార్ పేరుతో వ్యాపారం చేసేవాళ్లూ ఉన్నారన్నది నిజం. రోజూ ఫోన్ చేసి ధైర్యం చెప్పడం హాయిగానే ఉంటుంది, దానివల్ల జవాబు మారదు. అందుకే ఫీజు కట్టేముందు, ఆ మెంటార్ ఇదివరకు దిద్ది ఇచ్చిన జవాబు పత్రం ఒకటి చూపించమని అడగండి. చివర మార్కు, పక్కన 'బాగుంది' తప్ప ఇంకేమీ లేకపోతే, ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.