శాంపిల్ పుణెకే ఎందుకు వెళ్తుంది? రిఫరెన్స్ ల్యాబ్ అంటే ఏంటి?

2020 జనవరి గుర్తుందా? కరోనా అనుమానం వస్తే శాంపిల్‌ని పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీకి, అంటే ఎన్ఐవీకి పంపేవాళ్లు. జనవరి 30న కేరళలో బయటపడ్డ మొదటి కేసుని కన్ఫర్మ్ చేసింది కూడా అక్కడే. తర్వాత టెస్టింగ్ ల్యాబ్‌లు 3,000 దాటాయి. మరి ఇన్ని ఉన్నాక కూడా పుణెతో పనేంటి?

మామూలు ల్యాబ్ మీకు జబ్బు ఉందా లేదా అని చెప్తుంది. ఆ ల్యాబ్ కరెక్ట్‌గా చెప్తోందా అని చూసేది రిఫరెన్స్ ల్యాబ్. లోపల ఏముందో తనకి మాత్రమే తెలిసిన శాంపిల్స్‌ని మిగతా ల్యాబ్‌లకి పంపి, వాళ్ల రిజల్ట్‌ని సరిచూస్తుంది. మేం కోడ్‌కి టెస్ట్ కేసులు రాసినట్టే, ఆన్సర్ ముందే తెలుసు కాబట్టి తప్పు దొరికిపోతుంది. ఇంకో పని, కొత్త వైరస్‌ని వేరు చేసి, పెంచి, భద్రంగా దాచడం. మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్‌కి వైరస్ ఎన్ఐవీ నుంచే వచ్చింది. అంతెందుకు, వానాకాలంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేసే డెంగీ ఐజీఎం ఎలైజా టెస్టుకి కూడా ఎన్ఐవీ కిట్లు తయారుచేసి పంపుతుంది.

ఇక అసలు ఇబ్బంది టైమ్. 2018 మేలో కోజికోడ్‌లో నిపా వచ్చింది. శాంపిల్ ముందు కర్ణాటకలోని మణిపాల్ వెళ్లింది, తర్వాత పుణె కన్ఫర్మ్ చేసింది. రిజల్ట్ వచ్చాక ఆలస్యం లేదు, కానీ అది నిపా అని అనుమానం వచ్చింది అదే ఇంట్లో ఇంకొకరు పడిపోయాకే. అప్పటికి మొదటి పేషెంట్ చనిపోయాడు, ఆయన్నుంచి ఆసుపత్రిలో చాలామందికి అంటుకుంది. ఆయనకి సేవ చేసిన నర్సు కూడా ప్రాణం పోగొట్టుకుంది. 2023లో మళ్లీ నిపా వస్తే ఎన్ఐవీ ఏకంగా మొబైల్ ల్యాబ్‌నే కోజికోడ్ పంపింది.

2021లో కేంద్రం ప్రకటించిన ఆయుష్మాన్ భారత్ హెల్త్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ మిషన్‌లో ఇంకో 4 ప్రాంతీయ వైరాలజీ ఇన్‌స్టిట్యూట్‌లు, 9 బీఎస్ఎల్-3 ల్యాబ్‌లు, 730 జిల్లా ల్యాబ్‌లు ఉన్నాయి. టెస్ట్ ఊరికి దగ్గరగా రావాల్సిందే, అందులో డౌట్ లేదు. కానీ నా లెక్క వేరే చోట ఉంది. కొత్తగా ల్యాబ్ పెట్టిన ప్రతిసారీ రిఫరెన్స్ ల్యాబ్ నెత్తిన ఇంకో ల్యాబ్‌ని చెక్ చేసే పని పడుతుంది. 730 జిల్లా ల్యాబ్‌లకి శాంపిల్స్ పంపాలి, తప్పు చెప్పినవాళ్లకి ట్రైనింగ్ ఇవ్వాలి, మళ్లీ పంపాలి. దీనికి విడిగా మనుషులు, విడిగా బడ్జెట్ కావాలి. బిల్డింగ్‌కైతే రిబ్బన్ కట్ చేయొచ్చు, ఈ పనికి ఫొటో కూడా రాదు. దాచిన వైరస్‌లకి ఇంకో ఊళ్లో బ్యాకప్ కూడా ఉండాలి. ప్రొడక్షన్ డేటా ఒకే సర్వర్‌లో పెడితే మా మేనేజర్ ఊరుకుంటాడా?

ఒక్కటి మాత్రం జిల్లాకి పంచలేం. నిపా లాంటి వైరస్‌ని బతికుండగా పెంచాలంటే బీఎస్ఎల్-4 ల్యాబే కావాలి. దాని లోపల మనుషులు ఎలా పనిచేస్తారో నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూద్దాం.